పూల టింక్చర్, అక్క ఇచ్చిన కిడ్నీ: టాక్రోలిమస్ లెవెల్ ఎందుకు పడిపోయింది?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, మూలికల టింక్చర్లు ఇచ్చే వైద్యులు చదవాలని ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. పేషెంటు అనుమతి తీసుకున్నాను, ఆమెని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మొక్క హైపెరికమ్ పెర్ఫొరేటమ్, బయటి దేశాల్లో సెయింట్ జాన్స్ వర్ట్ అంటారు. పసుపు పూలు పూస్తుంది. ఆ పూలకొమ్మల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన టింక్చర్ వల్ల, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ పెట్టకుండా పనిచేస్తున్న కిడ్నీ చేజారిపోయేంత పనయింది.

ఆమెకి 52 ఏళ్లు, సూళ్లూరుపేట దగ్గర ఊరు. మార్పిడి చెన్నైలోనే జరిగింది, కిడ్నీ ఇచ్చింది సొంత అక్క. మందుల విషయంలో ఇంత శ్రద్ధగా ఉండే పేషెంట్లు తక్కువ. ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని దెబ్బతీయకుండా ఆపే మందు టాక్రోలిమస్. రక్తంలో దాని లెవెల్ చూడాలంటే పొద్దుటి డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి కదా, అందుకని తెల్లవారుజామునే లోకల్ ఎక్కి, మాత్ర సంచిలో పెట్టుకుని, మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగి నేరుగా మా దగ్గరికి వస్తుంది, రక్తం ఇచ్చాకే మాత్రయినా టిఫినైనా. టాక్రోలిమస్ పొద్దున 1.5, రాత్రి 1.5 మిల్లీగ్రాములు. అదే పనికి మైకోఫినోలేట్ 500 రెండు పూటలా, స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ 5, బీపీకి అమ్లోడిపిన్ 5. ఈ మోతాదుల మీద క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) 1.1 దగ్గర, టాక్రోలిమస్ లెవెల్ 6కీ 7కీ మధ్య నిలకడగా ఉండేవి.

మార్చిలో వచ్చినప్పుడు క్రియాటినిన్ 1.7. టాక్రోలిమస్ 2.6. బీపీ 150/94. జ్వరం లేదు, నొప్పి లేదు, యూరిన్ తగ్గలేదు, కాళ్ల వాపు లేదు, అంటే మనిషిని చూస్తే ఏమీ తెలియదు. పైగా ఆమె సంతోషంగా చెప్పిన మాట ఒకటుంది: "చెయ్యి వణుకు పోయింది డాక్టరమ్మా, ముగ్గు మళ్లీ తిన్నగా వస్తా ఉంది."

నా దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలకి ఈ మాట గురించి చాలాసేపు చెప్పాను. చేతి వణుకు టాక్రోలిమస్ వల్ల వచ్చేదే, చాలామందికి కొంచెమో గొప్పో ఉంటుంది. డోసు తగ్గించకుండానే ఆ వణుకు మాయమైందంటే మందు రక్తంలోకి సరిగ్గా చేరడం లేదేమో అని అనుమానించాలి. ల్యాబ్ రిపోర్టు సాయంత్రం వచ్చింది, ఆ ముక్క ఆమె పొద్దున్నే చెప్పేసింది.

లెవెల్ పడిపోతే ముందు చూసేవి చూశాం. డోసులు మానేసిందా? లేదు, నోట్‌బుక్‌లో ప్రతి పూటకీ టిక్కు ఉంది, ఖాళీ స్ట్రిప్పులు లెక్క సరిపోయాయి. మందుల షాపువాళ్లు కంపెనీ మార్చి ఇచ్చారా? అదీ లేదు, పాత కంపెనీదే. వాంతులు లేవు. విరేచనాలు ఉంటే లెవెల్ పెరుగుతుంది కానీ తగ్గదు, అవీ లేవు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమాజెపైన్ లాంటివి ఎవరైనా మొదలుపెట్టారా అంటే వేరే డాక్టర్ దగ్గరికే వెళ్లలేదు. "కొత్త మందులేమైనా వాడుతున్నారా అమ్మా" అంటే లేదంది, పక్కనున్న భర్త కూడా లేదన్నాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల దృష్టిలో కొత్త మందు నిజంగానే లేదు.

ఇలాంటప్పుడు అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగితే అదే జవాబు వస్తుంది. నీళ్లల్లో కలుపుకుని తాగేవేమైనా ఉన్నాయా, కషాయం, లేహ్యం, పొడి, చుక్కలు, ఫారిన్ నుంచి ఎవరైనా తెచ్చిన సీసాలు, అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడిగాను. ఆయన భార్య వైపు చూసి "పాప ఇచ్చిపోయిన చుక్కలున్నాయి గదా" అన్నాడు. "అవి మందులు కాదండీ, పూలరసం" అందామె.

అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. వీడియో కాల్స్‌లో అమ్మ మాట తగ్గడం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గమనించి, సంక్రాంతికి వచ్చినప్పుడు తను వాడుతున్న టింక్చరే ఒక కొత్త సీసా తెచ్చి ఇచ్చింది. అమ్మకి దిగులు ఎందుకొచ్చిందో తర్వాత తెలిసింది. కిడ్నీ ఇచ్చిన అక్కకి ఆ మధ్య నడుంనొప్పి మొదలైంది, అది మార్పిడికి సంబంధించింది కాదని ఎంత చెప్పినా ఈమె మనసులో మాత్రం నా వల్లే అక్క మంచాన పడిందన్న బాధ గూడు కట్టుకుంది. ఇది రెండు మూడు చెకప్‌ల ముందు నుంచే ఉందట. క్రియాటినిన్ బాగుంది, లెవెల్ బాగుంది అని మేం సంతోషపడుతున్న రోజుల్లోనే.

సీసా మరుసటి రోజు తెప్పించాం. ముదురు గోధుమరంగు గాజు, రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్. లేబుల్ మీద ఎండు పూలకొమ్మలు 1 పాలు, ద్రావకం 3 పాళ్లు, ఆల్కహాల్ 60 శాతం అని ఉంది. మోతాదు 2 మిల్లీలీటర్లు, రోజుకి మూడుసార్లు. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేస్తే ఎర్రగా, దాదాపు రక్తం రంగులో పాకింది. తాజా మొగ్గని వేళ్ల మధ్య నలిపినా అదే ఎరుపు వస్తుంది. అది హైపెరిసిన్ అనే పదార్థం. ఎక్కువ మోతాదులో చర్మాన్ని ఎండకి సున్నితం చేస్తుంది. కానీ ఈ కేసులో దోషి ఆ ఎరుపు కాదు. అదే పూలల్లో, లేత కాయల్లో ఉండే హైపర్ఫోరిన్ అనే ఇంకో పదార్థం, దానికి టిష్యూ మీద కనపడే రంగేమీ లేదు.

హైపర్ఫోరిన్‌కి నీళ్లంటే పడదు, నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే ఇవే పూలు వేడినీళ్లల్లో వేసి టీలాగా తాగితే ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ, 60 శాతం ఆల్కహాల్‌లో నానబెడితే బాగా దిగుతుంది. వెలుతురు తగిలినా గాలి తగిలినా చెడిపోతుంది కూడా, కాబట్టి ఒకే కంపెనీ సీసాలు రెండింట్లోనే బలం ఒకేలా ఉంటుందని చెప్పలేం, కొత్తగా మూత తీసిన సీసాకీ ఆర్నెల్లు కిటికీలో ఉన్న సీసాకీ సంబంధమే ఉండదు.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకి 6 మిల్లీలీటర్లు, 1కి 3 పాళ్ల టింక్చర్, అంటే 2 గ్రాముల ఎండు పూలకొమ్మ. అందులో హైపర్ఫోరిన్ 2 శాతం అనుకుంటే 40 మిల్లీగ్రాములు. ఐదింట నాలుగు వంతులు నిలవలో పాడైపోయిందనుకున్నా 8 మిల్లీగ్రాములు మిగులుతుంది. ఇతర మందులతో గొడవ రాకుండా ఉండాలంటే రోజుకి హైపర్ఫోరిన్ 1 మిల్లీగ్రాము దాటకూడదని యూరప్ మందుల నియంత్రణ సంస్థ గీత గీసింది. ఈమె ఎంత తక్కువ వేసుకున్నా దానికి ఎన్నో రెట్లు పైనే ఉంది, అదీ నెలకి పైగా.

ఒంట్లో జరిగేది ఇది. కాలేయ కణాల్లో, పేగు గోడల్లో పీఎక్స్ఆర్ అనే రిసెప్టర్ ఉంటుంది. బయటి నుంచి వచ్చిన రసాయనాలని పసిగట్టి, వాటిని విరగ్గొట్టే ఎంజైముల తయారీ పెంచడం దాని పని. హైపర్ఫోరిన్ దీనికి చాలా గట్టిగా అతుక్కుంటుందని 2000లో తేలింది. అతుక్కున్నాక సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్, మందుని పేగులోకే వెనక్కి తోసే పీ-గ్లైకోప్రోటీన్, రెండూ పెరుగుతాయి. టాక్రోలిమస్ విరిగేది ఈ ఎంజైమ్ వల్లే, కాబట్టి మింగిన మాత్రలో చాలా భాగం రక్తంలోకి రాకముందే పోతుంది. రిఫాంపిసిన్ చేసేది కూడా ఇదే. టీబీ మందు మొదలుపెడితే టాక్రోలిమస్ పడిపోతుందని మన దేశంలో కిడ్నీ డాక్టర్లందరికీ తెలుసు, పసుపు పూల టింక్చర్ అదే దారిలో అదే పని చేస్తుందన్నది మాత్రం చాలామందికి తట్టదు. అమ్లోడిపిన్ కూడా ఈ ఎంజైమ్ మీదే విరిగే మందు, బీపీ పెరగడంలో దాని వాటా కూడా ఉండొచ్చు. మైకోఫినోలేట్ దారి వేరు, దానికేం కాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో గుండె మార్పిడి అయిన ఇద్దరు పేషెంట్లు ఈ మూలిక మొదలుపెట్టాక టాక్రోలిమస్ లాంటిదే అయిన సైక్లోస్పోరిన్ లెవెల్ పడిపోయి రిజెక్షన్ (ఒళ్లు మార్పిడి అవయవాన్ని తిప్పికొట్టడం) వచ్చిందని 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లకి హెచ్చరిక పంపింది. తర్వాత జర్మనీలో నిలకడగా ఉన్న 10 మంది కిడ్నీ మార్పిడి పేషెంట్లకి రోజుకి 600 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ రెండు వారాలు ఇచ్చి చూస్తే, లెవెల్ నిలబెట్టడానికి టాక్రోలిమస్ డోసు దాదాపు రెట్టింపు చేయాల్సి వచ్చింది. మా పేషెంటుకి డోసు పెంచినవాళ్లు లేరు, అందుకే లెవెల్ సగానికి పైగా పడింది.

బయాప్సీ చేశాం. రోగనిరోధక శక్తిలోని టీ కణాల వల్ల వచ్చిన అక్యూట్ రిజెక్షన్, గ్రేడ్ 1ఏ. డోనర్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు లేవు, మార్పిడి కిడ్నీని పాడుచేసే బీకే వైరస్ లేదు, ఈ రెండూ కొంచెం ఊపిరి పోశాయి. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 500 మిల్లీగ్రాములు మూడు రోజులు ఇచ్చాం. ఇంత స్టెరాయిడ్ నిద్రనీ మూడ్‌నీ ఇంకా చెడగొడుతుంది, అసలే దిగులుతో ఉన్న మనిషి, అందుకని ఆ వారం రాత్రుళ్లు ఎవరైనా పక్కనే ఉండాలని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాం.

టింక్చర్ అదే రోజు ఆపించాం. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడి నుంచే, ఈ భాగాన్ని డాక్టర్లు దయచేసి నిదానంగా చదవండి. ఆపగానే ఎంజైమ్ తగ్గిపోదు, మామూలు స్థితికి రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రిజెక్షన్ నడుస్తోంది కాబట్టి అన్ని రోజులు 2.6తో కూర్చోలేం, డోసు పెంచక తప్పదు. పెంచి వదిలేస్తే, ఎంజైమ్ దిగుతున్నకొద్దీ అదే డోసు విషమవుతుంది, టాక్రోలిమస్ ఎక్కువైతే అది కూడా కిడ్నీనే దెబ్బతీస్తుంది. రోజుకి 3 నుంచి 5 మిల్లీగ్రాములకి పెంచాం, తగ్గించే రోజులు కూడా అప్పుడే కాగితం మీద రాసుకున్నాం. 4వ రోజు లెవెల్ 5.8. 8వ రోజు 9.4, వెంటనే డోసు 4కి దించాం. 12వ రోజు డోసు తగ్గించినా 10.6కి ఎక్కింది, పొటాషియం కూడా ఎక్కువై 5.4, చేతి వణుకు తిరిగొచ్చింది. పాత 3 మిల్లీగ్రాములకి తెచ్చేశాం. నెల తిరిగేసరికి 6.7 దగ్గర స్థిరపడింది. ఇన్నిసార్లు చెన్నై రాలేరు కాబట్టి వాళ్ల ఊళ్లోనే రక్తం తీసి ల్యాబ్‌కి పంపే ఏర్పాటు చేసుకున్నాం, డోసు మార్పు ఫోన్లో చెప్పి, వాట్సాప్‌లో తెలుగులో రాసి పంపేవాళ్లం, ఆయన చదివి వినిపించి సరే అన్నాకే ఫోన్ పెట్టేవాళ్లం. క్రియాటినిన్ నెలకి 1.3, మూడు నెలలకి 1.2. మళ్లీ 1.1 చూడలేదు.

ఇక దిగులు సంగతి. చుక్కలు ఆపేసి చేతులు దులుపుకుంటే సగం వైద్యమే. నిజం చెప్పాలంటే ఆ టింక్చర్ ఆమెకి కొంత పనిచేసింది, నిద్ర మెరుగైందని, మనసు కాస్త తేలికపడిందని ఆమే చెప్పింది, నాకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. 2008లో కోక్రేన్ సంస్థ 29 ట్రయల్స్, 5,489 మంది పేషెంట్ల వివరాలు కలిపి చూసి, డిప్రెషన్‌లో ఈ మొక్క ఎక్స్‌ట్రాక్టులు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని, మామూలు డిప్రెషన్ మందులతో సమానంగా పనిచేస్తాయని, సైడ్ ఎఫెక్ట్స్ తక్కువని తేల్చింది. ఎక్కువ ట్రయల్స్ జర్మన్ భాషా దేశాలవి, వాటిల్లో ఫలితాలు ఇంకా బాగా కనిపించాయి, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి. అయినా దీన్ని ఉత్త నమ్మకమని కొట్టిపారేసే వైద్యులతో నేను ఏకీభవించను. పనిచేసే పదార్థం ఉంది కాబట్టే ఇంకో మందుని పాడుచేయగలిగింది. "ఈ ఆకులూ పూలూ ఏం చేస్తాయి, మానేయండి" అని కసిరితే పేషెంటు మానేయదు, చెప్పడం మానేస్తుంది.

మా దగ్గర తెలుగు వచ్చిన సైకియాట్రిస్టుకి చూపించాం. దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు తెలుగులోనే అడిగారు, స్కోరు 13 వచ్చింది, అంటే ఓ మోస్తరు దిగులు. చనిపోవాలన్న ఆలోచనలు లేవు. డిప్రెషన్ మందుల్లో సెర్ట్రలిన్ ఎంచుకున్నారు, ఎందుకంటే టాక్రోలిమస్‌ని అది పెద్దగా కదిలించదు. దాన్ని కూడా టింక్చర్ ఆపిన రెండు వారాల తర్వాతే మొదలుపెట్టారు, హైపెరికమ్ ఒంట్లో ఉండగా ఈ రకం మందు కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మితిమీరి జ్వరం, వణుకు, కంగారు రావొచ్చు. మందుతో పాటు అక్కాచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఒకసారి మాట్లాడించారు. అక్క స్కాన్, క్రియాటినిన్ చూపించి, నడుంనొప్పి వెన్నుపూసదని, కిడ్నీ ఇవ్వడం వల్ల రాలేదని ఆమె ముందే చెప్పారు. అక్క ఒక్క మాటే అంది, "నా కిడ్నీని బాగా చూసుకోవే, నన్ను కాదు." మూడు నెలలకి స్కోరు 5.

చెన్నైలో, నెల్లూరులో ఈ మొక్క ఇంకో రూపంలో సులువుగా దొరుకుతుంది. హోమియో షాపుల్లో హైపెరికమ్ మదర్ టింక్చర్. నరాలకి తగిలిన దెబ్బలకి, వేలు నలిగినా తోకఎముక మీద పడినా, హోమియోలో ఎక్కువగా వాడేది ఇదే. 30, 200 పొటెన్సీల్లో, అంటే పదే పదే పల్చన చేసినవాటిల్లో, లెక్క ప్రకారం మొక్క అణువు మిగలదు, వాటి వల్ల టాక్రోలిమస్ మారదు. మదర్ టింక్చర్ అలా కాదు, అది నేరుగా ఆల్కహాల్‌లో తీసిన సారం. సీసా మీద ఇంగ్లీషు క్యూ అక్షరం ఉంటే ఈ రాసిందంతా దానికీ వర్తిస్తుంది. ఐదారు చుక్కలు వేసుకుంటే ఒంట్లోకి వెళ్లేది తక్కువే కావచ్చు, కానీ చెంచాలతో తాగేవాళ్లని చూశాను. బయట పూతగా వాడితే నేను అభ్యంతరం చెప్పను. ఇంకో సంగతి, పెర్ఫొరేటమ్ మన ప్రాంతపు మొక్క కాదు, మన దేశంలో హిమాలయాల వైపు పెరుగుతుంది. ఊటీ వైపు కొండల్లో పెద్ద పసుపు పూలతో కనపడేది హైపెరికమ్ మైసూరెన్స్, అదే కుటుంబం, వేరే జాతి. దాన్ని కోసుకొచ్చి సారాయిలో నానబెట్టి ఇదే అది అనుకోవద్దు.

టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మాత్రమే కాదు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గుండెకి వాడే డిగాక్సిన్, హెచ్ఐవీ మందుల్లో చాలా, ఇరినోటెకాన్, ఇమాటినిబ్ లాంటి క్యాన్సర్ మందులు, అన్నీ హైపెరికమ్ పెర్ఫొరేటమ్‌తో బలహీనపడతాయి. పంపరపనస దీనికి ఉల్టా, ఎంజైమ్‌ని అణిచి టాక్రోలిమస్‌ని పెంచుతుంది, మార్పిడి అయినవాళ్లు అదీ తినకూడదు. మా క్లినిక్‌లో ఇప్పుడు మందుల చీటీతో పాటు వంటింటి అలమరలో, ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నింటికీ ఫోటో తీసి పంపమంటున్నాం. "కొత్త మందులేమైనా వాడుతున్నారా" అని మాత్రమే అడగడం మానేశాం.

కేసు ఇక్కడితో అయిపోయిందనుకున్న వారంలో అమెరికా నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. ఏడ్చింది. తను చేసింది ప్రేమతోనే అని, అక్కడ ఈ సీసా షాపులో విటమిన్ల పక్కనే ఉంటుందని, అది కొనేటప్పుడు ఏ డాక్టరూ ఏ ఫార్మసిస్టూ అడ్డు రారని నాకు తెలుసు, అదే చెప్పాను. 1994 నాటి చట్టం ప్రకారం అక్కడ ఇవి సప్లిమెంట్లు, అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. జర్మనీలో ఇవే మందుల కింద లెక్క. తర్వాత ఆమెని కూడా అడిగాను, నువ్వేం మందులు వాడుతున్నావమ్మా అని. థైరాయిడ్‌కి ఒకటి, గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్ర ఒకటి అంది. రెండు నెలలుగా నెలసరి మధ్యలో రక్తం కనపడుతోందని, స్ట్రెస్ అనుకున్నానని కూడా చెప్పింది. ఆ మాత్రలోని హార్మోన్లు విరిగేది కూడా ఇదే ఎంజైమ్ మీద, మధ్యలో రక్తం కనపడటం ఈ మూలికతో అందరికీ తెలిసిన గుర్తు, మాత్ర వేసుకుంటూనే గర్భం వచ్చిన కేసులు కూడా ఉన్నాయి. ఆ రోజే ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోమన్నాను, టింక్చర్ ఆపేసి, ఆపాక కూడా 4 వారాల పాటు కండోమ్ లాంటి రెండో జాగ్రత్త తప్పనిసరని చెప్పాను. టెస్టు నెగటివ్ అని సాయంత్రం మెసేజ్ పెట్టింది. తన దిగులుకి కూడా అక్కడే ఒక డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.